నాలుగో అంతస్తులో చలి

ఆయన నన్ను క్షమించమని అడిగాడు. నేను క్షమించాను. అందులో తప్పేముందని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. తప్పంతా అందులోనే ఉంది. ఆ రోజు క్షమించమని అడగవలసినవాణ్ణి నేను. ఆ సంగతి అప్పటికి నా ఒక్కడికే తెలుసు. తెలిసి కూడా, ఏదో పెద్దమనసు చేసుకున్నవాడిలా, "పర్వాలేదండీ, మనసులో పెట్టుకోకండి" అని పంపించేశాను. ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. ఆ నాలుగేళ్ళలో ఏ రోజైనా వెళ్ళి అసలు మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, మా ఆఫీసు గేటు ఎదుట టీ బండి నడిపే ఆవిడ గ్లాసు అందిస్తూ, "మీ ఏసీ తాత పోయిండు సార్. ఎరుకేనా? వచ్చే ఆదివారం ఆదరణ కూడికంట" అంది.

మా క్రైస్తవుల్లో మనిషి పోయాక, చర్చి సంఘంవాళ్ళూ బంధువులూ కూడి ప్రార్థన చేసి, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు. దాన్నే ఆదరణ కూడిక అంటాం. చేతిలో గ్లాసు పట్టుకుని ఒకటే ఆలోచించాను. ఆ మంచి మాటల మధ్య ఒక అబద్ధం కూడా ఉంటుంది. పాపం చివర్లో ఆయనకు పని చేతకాలేదట అనే అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. తీసేయవలసింది కూడా నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. భవనంలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. కుర్రకారుకు ఏసీ తాత, నాకు పెద్దాయన.

హైటెక్ సిటీలో మాది అద్దాల భవనం. నాలుగో అంతస్తంతా మా కంపెనీదే. ఆయన ఆ భవనంలో ఏసీలు చూసే మెకానిక్కు, ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. బూడిదరంగు యూనిఫాం, జేబులో టెస్టరు, దాని పక్కన సగం పళ్ళు రాలిన దువ్వెన. నిచ్చెన ఎక్కే ముందు బూట్లు విప్పి జతగా పక్కన పెట్టేవాడు. ఎందుకలా అని మా టీములో ఒకమ్మాయి అడిగితే, "మీ నెత్తుల మీదికెళ్ళి ఎక్కుతున్న గద బిడ్డా. బూట్లేస్కొని ఎట్ల ఎక్కుత?" అన్నాడు.

గాలి వచ్చే జాలీ కింద అరచెయ్యి చాచి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. తర్వాత "ఇరవై మూడున్నర" అనేవాడు. థర్మామీటరు పెట్టి చూస్తే ఇరవై మూడున్నరే ఉండేది. మా కుర్రాళ్ళు దీని మీద సమోసాలు పందెం కాసేవారు. ఆయన చేతికి వ్యతిరేకంగా కాసినవాడు ప్రతిసారీ సమోసాలు కొనవలసి వచ్చేది. గెలిచినవాడు ఆయనకు ఒకటి ఇవ్వబోతే తీసుకునేవాడు కాదు. "జూదం సమోస నాకొద్దు నాయనా, మామూలు సమోస ఉంటె తే" అనేవాడు. మామూలుది తెప్పిస్తే మాత్రం రెండు తినేవాడు.

కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు ఉక్క అనేవారు, మధ్యలో కూర్చున్నవాళ్ళు చలి అనేవారు. ఇద్దరూ ఒకేసారి మీద పడితే ఆయన తల గోక్కుని, "మా ఇంట్ల నేనూ మా ఆడామె ఒక్క ఫ్యాను కాడనే కొట్లాడుకుంటం. మీరేమొ వంద మందాయె. జర నాకు గూడ సంసారం ఉన్నది, బతకనియ్యుండ్రి" అనేవాడు. వాళ్ళు నవ్వి కూర్చునేవారు.

ఆయన క్రైస్తవుడని నాకు తెలిసిన తీరు వేరు. నేను ఆ అంతస్తుకు వచ్చిన మొదటి నెలలోనే ఒక శుక్రవారం సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఈ నెల నాతోని మీకేమన్న తక్లీఫ్ అయ్యిందా?"

ఏదో ఫీడ్‌బ్యాక్ ఫారం అనుకుని, "ఏమీ లేదండీ, బాగా చేస్తున్నారు" అన్నాను.

"పని గురించి కాదు సార్. నేను ఎరుక లేక ఏమన్న మాటన్ననా, మీ మనసుకు గుచ్చుకున్నదా అని. ఆదివారం ప్రభు బల్ల ఉన్నది. దానికంటె ముంగట అడిగి పెట్టుకుంట."

మా సంఘాల్లో నెలకొకసారి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనను ప్రభు బల్ల అంటాం. ఎవరితోనైనా తగవు ఉంటే దానికి ముందే సమాధానపడి రమ్మని మా పాస్టరుగారు కూడా చెబుతారు. వింటాం. నాకు ఎవరితోనూ తగవు లేదు కదా అనుకుని వెళ్ళి తీసుకుంటాం. ఈయన తగవు లేనివాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళేవాడు. అంతస్తంతా తిరిగి, తాను ఆ నెలలో పనిచేసిన ప్రతి బల్ల దగ్గరా ఆగి, అదే ప్రశ్న అడిగేవాడు. చాలామంది తల ఎత్తకుండానే 'నో నో' అనేవారు. కొందరు ఆటపట్టించేవారు. ఒక కుర్రాడు, "తాతా, నువ్వు నన్ను చూసి నవ్వలేదు సోమవారం, నా గుండె పగిలింది" అంటే, "అట్లనా? ఇగో, సోమవారంది గూడ ఇప్పుడే తీస్కో" అని రెండుసార్లు నవ్వాడు.

ఒకసారి మాత్రం ఒకమ్మాయి నిజంగానే చెప్పింది. ఏసీ నుంచి నీళ్ళు కారి ఆమె టిఫిన్ డబ్బాలో పడ్డాయి. ఈయన పైనుంచి చూసి, "వానొచ్చింది బిడ్డా" అని నవ్వాడట. అది ఊరినుంచి వచ్చిన ఆ పిల్ల తల్లి, తిరిగి వెళ్ళే రోజు వండి పెట్టిన అన్నం. ఆమె చెబుతుంటే ఆయన మధ్యలో అడ్డు రాలేదు. నాకు తెలియదు అనలేదు, పైపు పాతది అనలేదు. అంతా విని, "తప్పయింది తల్లీ. నవ్వకుండ ఉండాల్సింది" అన్నాడు. ఆ పిల్లే కంగారుపడి, "మీకు తెలియదు కదా అంకుల్" అంది.

తర్వాత నేను అడిగాను. "పెద్దాయనా, తెలియకుండా జరిగినదానికి కూడా ఇంత బాధ ఎందుకండీ? దేవుడంటే అంత భయమా?"

"భయమెందుకు సార్?" ఆయన చేతిలో అప్పుడే ఊడదీసిన ఫిల్టరు ఉంది. దుమ్ము మందంగా పట్టి దుప్పటి ముక్కలా ఉంది. "ఇది చూడుండ్రి. ఇంత మురికి ఇండ్ల ఎవ్వలన్న కావాలని పోసిండ్రా? గాలితోని వస్తది, పట్టుకుంటది. అది ఎవ్వని తప్పు గాదు. చూసినంక కడగలేదనుకో, అది మాత్రం నా తప్పు."

ఇంకో మాట కూడా అన్నాడు. "తెలిసి చేసిన పాపం మనకు యాదికుంటది సార్. తెల్వక చేసింది ఎదుటోనికి యాదికుంటది. మరి పోయి అడగకుంటె మనకెట్ల ఎరుకైతది?"

నేను చిన్నప్పటినుంచి గుంటూరు వైపు మా సంఘంలో సండే స్కూలు చదివినవాణ్ణి. తెలియక చేసిన పాపానికి కూడా పాత నిబంధన కాలంలో బలి ఉండేదని, తెలిసిన రోజున దాన్ని తెచ్చి అర్పించాలని పాఠంగా అప్పజెప్పినవాణ్ణి. దాని అర్థం మొదటిసారి ఒక మురికి ఫిల్టరు చూపించి ఆయన చెప్పాడు.

ఇక అసలు సంగతి.

మా ఆఫీసులో ప్రతి పండక్కీ అలంకరణ పోటీలు పెడతారు. ఏ టీము కూర్చునేచోటు ఆ టీము అలంకరించుకోవాలి. ఆ ఏడాది క్రిస్మస్‌కు మా టీము బాధ్యత నేను తీసుకున్నాను. మా బల్లల మధ్య ఉన్న స్తంభానికి ఆనించి, యేసు పుట్టిన పశువుల పాక కట్టాను. అట్టముక్కలు, గడ్డి, లోపల పసుపుపచ్చ బల్బుల తీగ. కప్పు మీద, స్తంభం పొడుగునా మంచులాగా దూది. స్తంభానికి అరచేతిలో పట్టేంత తెల్లటి డబ్బా ఒకటి కనిపించింది. ఏదో పాత స్విచ్చు డబ్బా అనుకున్నాను. దాని మీద కూడా దూది మందంగా అంటించాను. తెలుపు మీద తెలుపు, ఎవరికీ కనిపించలేదు. మొదటి బహుమతి మాకే వచ్చింది.

ఆ మర్నాటినుంచి అంతస్తు గడ్డకట్టడం మొదలైంది. డిసెంబరు చలికి ఏసీ చలి తోడైంది. అమ్మాయిలు శాలువాలు, అబ్బాయిలు మంకీ క్యాపులు తెచ్చుకున్నారు. ఇద్దరు జ్వరాలతో సెలవు పెట్టారు. ఆయన పది రోజులు నిచ్చెన దిగలేదు.

"సార్, కంప్యూటర్ల ముప్పై చూపిస్తున్నది. చెయ్యి వెడితె పదహారు. యాడనో సెన్సరు అబద్ధం ఆడుతున్నది. దానికి ఇంకా ఉక్కగున్నదని సల్లగాలి పంపిస్తనే ఉన్నది."

గదిలో ఎంత వేడి ఉందో చూసి ఏసీకి చెప్పే పరికరం సెన్సరు. భవనం నక్షాలో అది గోడ మీద ఉన్నట్టు ఉంది. ఆయన గోడ మీదున్నదాన్ని తీసి కొత్తది పెట్టాడు. ఏమీ మారలేదు. అంతకు రెండేళ్ళ ముందు మా కంపెనీ బల్లలు మార్చినప్పుడు ఎవరో సెన్సరును స్తంభం మీదికి జరిపి, నక్షాలో దిద్దడం మరిచిపోయారు. గోడ మీదిది ఉత్త డొల్ల. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఒకరోజు ఆయన నా పాక ముందు ఆగి చాలాసేపు చూశాడు. "మస్తుగ కట్టిండ్రు సార్. ఈ దూది ఎనుక ఏమన్న ఉన్నదా?"

నేను ఫోనులో ఉన్నాను. "ఏమీ లేదండీ, ఉత్త స్తంభమే. ముట్టుకోకండి, పండగ అయ్యేదాకా ఉంచాలి" అన్నాను. అబద్ధమాడాలని కాదు. ఆ డబ్బా సంగతే నాకు గుర్తులేదు. ఆయన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత నేను మెయిలు రాశాను. భవనం ఆఫీసుకు, కాంట్రాక్టరుకు, మా పై అధికారులకు, అందరికీ కలిపి. మా మనుషులు జబ్బు పడుతున్నారు, ఈ మెకానిక్కుకు పని చేతకావడం లేదు, పని వచ్చినవాణ్ణి పంపండి అని. ఆ వారంలోనే ఆయన్ని తీసేశారు.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు పాక విప్పాను. దూది లాగుతుంటే తెల్లటి డబ్బా బయటపడింది. చెయ్యి పెడితే బల్బుల వేడికి వెచ్చగా ఉంది. గంటలోపే అంతస్తు మామూలు చలికి వచ్చేసింది. అందరూ కొత్త మెకానిక్కును మెచ్చుకున్నారు. నేను దూదిని నల్ల సంచిలో కుక్కి, నేనే కిందికి తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేశాను. మెయిలు అందరికీ వెళ్ళింది, ఇప్పుడు నవ్వులపాలవుతాను, ప్రమోషన్ల సమయం, వచ్చే నెల చెబుదాం. ఇలాంటివే నాకు నేను చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం దాకా అది తెలియక చేసిన తప్పు. ఆ తర్వాత దానికి ఆ పేరు చెల్లదు.

ఆ నెలలోనే ఒక శుక్రవారం ఆయన వచ్చాడు. లోపలికి రావడానికి కార్డు లేదు కాబట్టి గేటు బయట టీ బండి దగ్గర నిలబడి నాకు ఫోను చేయించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. యూనిఫాం లేకుండా చూడడం అదే మొదటిసారి.

"సార్, నాతోని మీ పిల్లలు చానా పరేషాన్ అయిండ్రు. జ్వరాలొచ్చినయంట. తప్పు యాడ చేసిన్నొ నాకింక దొరకలే. దొరికినంక వద్దామనుకున్న, గని ఎల్లుండి ప్రభు బల్ల. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

నాకు చెప్పడానికి ఒక్క మాట చాలు. దూది. ఆ ఒక్క మాట అంటే ఆయన పగలబడి నవ్వేవాడేమో కూడా. నేను అటూ ఇటూ చూసి, మొదట రాసిన ఆ మాట అన్నాను. పర్వాలేదండీ, మనసులో పెట్టుకోకండి. ఆయన ముఖం తేలికపడింది. నా టీకి కూడా తనే డబ్బులిచ్చి వెళ్ళాడు. ఆ ఆదివారం మియాపూర్‌లో మా చర్చిలో నేను కూడా రొట్టె తీసుకున్నాను.

ఏడాది తర్వాత మియాపూర్‌లోనే ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో ఆయన్ని చూశాను. కారు చూసి లేచి, గుర్తుపట్టి, చెయ్యి ఎత్తాడు. నేను అద్దం దించలేదు.

ఆయన పోయాడని విన్న సాయంత్రమే పాత మెయిలు వెతికి తీశాను. అప్పుడు దాన్ని ఎవరెవరికి పంపానో వాళ్ళందరికీ మళ్ళీ రాశాను. సెన్సరును కప్పింది నేను, అడిగినప్పుడు ఏమీ లేదన్నది నేను, నాలుగేళ్ళుగా తెలిసి దాచింది నేను అని. చాలా మెయిళ్ళు అడ్రసు లేదని తిరిగొచ్చాయి. ఒకాయన మాత్రం 'ఇప్పుడెందుకు ఇదంతా' అని జవాబిచ్చాడు. మా పై అధికారి పిలిచి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. ఎవరేమనుకున్నా ఇక ఆగదలచుకోలేదు.

శనివారం పగలు హఫీజ్‌పేట్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. రైల్వే స్టేషను వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. టెంట్ హౌసువాళ్ళు మర్నాటి కూడికకు కుర్చీలు దించి వెళ్ళారు. ఆయన భార్య ఒక్కతే వాటిని విడదీయలేక గుంజుతోంది. నేను వెళ్ళి అవతలి వైపు పట్టుకున్నాను.

"ఎవ్వలు సారూ మీరు?"

"ఆఫీసులో నాలుగో అంతస్తండీ. ఆయన ఏసీ చూసేవారు."

"ఓ, నాలుగో అంతస్తు సారా!" ఆమె కుర్చీ వదిలేసింది. "మీ అంతస్తు ముచ్చట మా ఇంట్ల రోజు ఉండేది. తప్పు యాడున్నదో దొరకలే, దొరకలే అని ఒకటే ఫికర్. అన్నం తినుకుంట గూడ చెయ్యి ఎత్తి చూసుకునేటోడు."

నేను నోరు తెరవబోయాను. ఆమె ఆగలేదు.

"అక్కడికెళ్ళి తీసేసినంక ఇంకో బిల్డింగుల పెట్టిండ్రు. పదిహేను రోజులు గూడ చెయ్యలే. ఒక్కదానికి నాలుగుసార్లు చూసుడు, నిచ్చెన మీదనే నిలవడుడు. నాకు గుస్సా వచ్చింది సారూ. 'నీ చేతుల పని పోయింది, ముసలోనివైనవ్, నిచ్చెన దిగి గేటు కాడ కూసో పో' అన్న. ఎన్నడు ఎదురు మాట్లాడనోడు, ఆ దినం గూడ మాట్లాడలే. తెల్లారి టెస్టరు తీసి అల్మారిల పెట్టిండు. మళ్ళ ముట్టలే."

చేతిలో కుర్చీ పట్టుకునే చెప్పాను. పాక, దూది, డబ్బా, మెయిలు, టీ బండి దగ్గర మాట. ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ తగ్గించలేదు. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. కుర్చీల మీద చెయ్యి ఆనించింది.

"అంటే ఆయన చేతుల లోపం లేకుండె."

"లేదమ్మా. ఆయన చెయ్యి చెప్పిందే నిజం."

"మరి నేనన్న మాట యాడ పెట్టుకోవాలె సారూ?" అంది. "నాకు తెల్వకనే అన్న. ఎవ్వలనడిగి మాఫీ తీస్కోవాలె? ఆయన లేడాయె."

నా మౌనం ఆయన ఉద్యోగంతో ఆగిందనుకున్నాను. అది ఈ ఇంట్లోకి వచ్చి, ఆమె నోట్లో మాటై, నాలుగేళ్ళు ఉందని నాకు తెలియదు. తెలియదు అని చెప్పి బయటపడే హక్కు నాకు లేదు.

"రేపు అందరి ముందూ చెబుతానమ్మా" అన్నాను.

"చెప్పు" అంది. మళ్ళీ కుర్చీ అందుకుంటూ, "నా మాట మాత్రం చెప్పకు సారూ" అంది. ఇద్దరం కలిసి కుర్చీలు వరసలుగా వేశాం.

ఆదివారం సాయంత్రం ఆ సందు నిండిపోయింది. సంఘంవాళ్ళు, చుట్టాలు, ఆయన దగ్గర పని నేర్చుకున్న మెకానిక్కులు. పాస్టరుగారు ఎవరైనా మాట్లాడతారా అని అడగగానే లేచాను. ఆమె మొదటి వరసలో కూర్చుని ఉంది. ఆమె వైపు చూడకుండా అందరికీ చెప్పాను.

"ఈయనకు పని చేతకాలేదని నేను రాశాను. అది అబద్ధం. సెన్సరును దూదితో కప్పింది నేను. దాని వెనక ఏముందని ఆయన అడిగితే ఏమీ లేదన్నది నేను. తర్వాత నా కళ్ళతో చూసి కూడా నోరు మూసుకున్నాను. ఆయన వచ్చి నన్ను క్షమాపణ అడిగితే, నిలబడి తీసుకున్నాను. నా మాట నమ్మి ఆయన్ని కాంట్రాక్టరే గానీ, తోటి పనివాళ్ళే గానీ, ఇంట్లోవాళ్ళే గానీ ఒక మాట అని ఉంటే, ఆ మాట నా లెక్కలోది, మీది కాదు. ఆయన దగ్గర అడగవలసిన రోజులన్నీ నేను పోగొట్టుకున్నాను. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. నన్ను క్షమించండి."